'చేశాను' అన్నప్పుడు 'ఐ డిడ్' ఎప్పుడు, 'ఐ హ్యావ్ డన్' ఎప్పుడు?

మీరు అడిగింది ఇదీ: బీటెక్ అయ్యాక రెండేళ్లుగా టెస్టర్‌గా పనిచేస్తున్నారు, కంపెనీ మారడానికి ఇంటర్వ్యూలకు వెళ్తున్నారు. మనసులో 'చేశాను' అనుకున్న ప్రతిసారీ 'ఐ డిడ్' అనాలా 'ఐ హ్యావ్ డన్' అనాలా అని నోరు ఆగిపోతోంది. 'ఈ మధ్యే జరిగితే హ్యావ్ పెట్టాలి, ఎప్పుడో జరిగితే వీ2 ('డిడ్', 'వెంట్' లాంటి గతకాల రూపం) వాడాలి' అని కోచింగ్‌లో చెప్పారు, కానీ దాన్ని నమ్ముకుంటే తప్పులు వస్తున్నాయి. మీ సెల్ఫ్ ఇంట్రడక్షన్‌లోంచి నాలుగు వాక్యాలు కూడా పెట్టారు. వాటిని చివర్లో దిద్దుదాం.

ముందు సూటిగా జవాబు. పని ఎప్పుడు జరిగిందో చెబుతున్నారా, లేదా ఆ 'ఎప్పుడు' మీ ఇద్దరికీ తెలిసిందేనా? అయితే సింపుల్ పాస్ట్, అంటే వీ2: 'ఐ డిడ్'. ఎప్పుడన్నది వదిలేసి, ఆ పని వల్ల ఇప్పుడు పరిస్థితి ఏమిటో చెబుతున్నారా? అయితే ప్రెజెంట్ పర్ఫెక్ట్: 'ఐ హ్యావ్ డన్'. 'హ్యావ్' వర్తమాన కాలపు క్రియ, అందుకే ఆ టెన్స్ పేరులో 'ప్రెజెంట్' ఉంది. పని గతంలోదే, మాట మాత్రం ఇవాళ్టి గురించి.

అమీర్‌పేటలో పద్నాలుగేళ్లు స్పోకెన్ ఇంగ్లిష్ చెప్పాను, ఇప్పుడు ఎక్కువగా మాక్ ఇంటర్వ్యూలు చేయిస్తున్నాను. ఆర్టికల్స్ తర్వాత మనవాళ్లను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఈ జంటే. దీనికి తెలివితేటలతో సంబంధం లేదు. ఇంగ్లిష్ రెండు ముక్కలు చేసిన చోట తెలుగు ఒకే క్రియతో సరిపెడుతుంది, అంతే.

మనం రోజూ అడిగే మాటనే తీసుకోండి. మధ్యాహ్నం ఒకటిన్నరకి పక్క సీటాయన మీ దగ్గరకొచ్చి 'తిన్నవా?' అంటాడు. ఆయన మీ భోజనం చరిత్ర అడగడం లేదు. ఇప్పుడు మీకు ఆకలిగా ఉందా, తనతో క్యాంటీన్‌కి వస్తారా అన్నది తెలుసుకోవాలి. అది 'హ్యావ్ యూ ఈటెన్?' సాయంత్రం ఆరింటికి మీ ముఖం వాడిపోయి ఉంటే అదే మనిషి 'మధ్యాహ్నం తిన్నవా?' అంటాడు. లంచ్ టైము దాటిపోయింది, అయిపోయిన ఆ పూట గురించి అడుగుతున్నాడు. అది 'డిడ్ యూ హ్యావ్ లంచ్?' రెండుసార్లూ తెలుగులో 'తిన్నవా' అనే అన్నాడు. తేడా క్రియలో లేదు, అడిగిన సమయంలోనూ అడగడం వెనకున్న అవసరంలోనూ ఉంది.

ఇక 'ఈ మధ్యే జరిగితే హ్యావ్' అన్న సూత్రం. దయచేసి దాన్ని వదిలేయండి. ఐదు నిమిషాల క్రితం లిఫ్టులో మేనేజర్ కనిపించాడు. 'ఐ సా హిమ్ ఫైవ్ మినిట్స్ ఎగో' అనాలి. ఎంత తాజా సంగతైనా 'ఎగో' వచ్చాక హ్యావ్‌కి చోటు లేదు. మీ నాన్నగారు ముప్పై ఏళ్ల కిందట కాశీ వెళ్లొచ్చారు. 'మై ఫాదర్ హ్యాజ్ బీన్ టు కాశీ' అనొచ్చు, నిక్షేపంగా ఒప్పే. ఎందుకంటే చెబుతున్నది ఇవాళ్టికీ ఆయనకున్న అనుభవం. 'హీ వెంట్ దేర్ ఇన్ 1994' అన్నారంటే ఆ ప్రయాణం గురించి చెబుతున్నారు. చార్మినార్‌ను చూడండి: 'ఇట్ వాజ్ బిల్ట్ ఇన్ 1591', 'ఇట్ హ్యాజ్ స్టుడ్ దేర్ ఫర్ మోర్ దాన్ ఫోర్ హండ్రెడ్ ఇయర్స్'. కట్టడం అయిపోయిన పని. నిలబడి ఉండటం ఇప్పటికీ సాగుతోంది. అంత పాత కట్టడానికి రెండు టెన్సులూ పట్టాయంటే పాతదా కొత్తదా అన్నది లెక్కలోకి రాదనే కదా.

మరి మాట్లాడేటప్పుడు అర సెకనులో ఎలా తేల్చుకోవాలి? క్రియ మీద ఆధారపడితే లాభం లేదు. తెలుగు వాక్యంలో క్రియకు ముందు వచ్చే చిన్న మాటలను వినండి. నేను పిల్లలకు చెప్పేది ఇదే, ఇదొక్కటే అలవాటు చేయిస్తాను.

'ఇంకా', 'ఇప్పటిదాకా', 'ఎప్పుడైనా', 'ఎప్పుడూ', 'ఈ వారంలో', 'ఇదివరకే', 'ఇప్పటికే'. ఇవి వాక్యంలో ఉన్నా, పెడితే అర్థం చెడకుండా ఇమిడినా హ్యావ్ వైపు వెళ్లండి. 'నిన్న', 'మొన్న', 'పోయిన నెల', 'అప్పుడు', 'కాలేజీలో ఉన్నప్పుడు', '2019లో', 'గంట క్రితం'. ఇవి ఉంటే వీ2. ఏవీ లేకపోతే 'ఎప్పుడు?' అని మిమ్మల్ని మీరే అడగండి. ఫలానా అప్పుడు అని జవాబు మనసులో సిద్ధంగా ఉండి, వినేవాళ్లకూ అది తెలిసి ఉంటే వీ2. 'ఎప్పుడైతే ఏం, అయ్యింది కదా' అనిపిస్తే హ్యావ్.

ముఖ్యంగా 'లేదు' దగ్గర ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. 'రిపోర్ట్ పంపలేదు' అన్న మాటకు ఇంగ్లిష్‌లో రెండు రూపాలున్నాయి. 'ఇంకా పంపలేదు' అని మీ ఉద్దేశమైతే 'ఐ హ్యావంట్ సెంట్ ద రిపోర్ట్ యెట్'. పంపే అవకాశం ఇంకా ఉంది, వినేవాళ్లు ఎదురుచూడొచ్చు. 'నిన్న పంపలేదు' అయితే 'ఐ డిడంట్ సెండ్ ద రిపోర్ట్ ఎస్టర్‌డే'. ఆ రోజు గడిచిపోయింది, ఇక మార్చలేం. స్టేటస్ కాల్‌లో ఊరికే 'ఐ డిడంట్ సెండ్ ఇట్' అని ఆపేస్తే పంపే ఉద్దేశమే లేనట్టు వినిపించే ప్రమాదం ఉంది. మనం అన్నది మర్యాదగానే, అక్కడికి చేరేది మొండిగా.

ఒక జాగ్రత్త. 'చేసేశాను' అన్న రూపాన్ని చూసి అదే ప్రెజెంట్ పర్ఫెక్ట్ అనుకునేవాళ్లున్నారు. చాలాసార్లు సరిపోతుంది కూడా: 'ఫామ్ నింపేశాను' అంటే 'ఐ హ్యావ్ ఫిల్డ్ ఇన్ ద ఫామ్'. కానీ మనం 'నిన్ననే నింపేశాను' అని కూడా అంటాం, అక్కడ ఇంగ్లిష్‌లో హ్యావ్ కుదరదు. అర్జీల్లో రాసే 'ఇదివరకే దరఖాస్తు సమర్పించి ఉన్నాను' అన్న రూపం దీనికి ఇంకా దగ్గరి చుట్టం. అయితే అది కాగితం మీదే కనిపిస్తుంది, ఇంట్లో 'అన్నం తిని ఉన్నాను' అని ఎవరూ అనరు. హిందీ, ఉర్దూ వచ్చిన హైదరాబాదీలు 'కియా', 'కియా హై' తేడాతో పట్టుకోవాలని చూస్తారు. అదీ కొంతవరకే. ఆ భాషల్లో 'కల్' పక్కన 'హై' ఇముడుతుంది, ఇంగ్లిష్‌లో 'ఎస్టర్‌డే' పక్కన 'హ్యావ్' ఇమడదు. 'ఐ హ్యావ్ సీన్ దట్ మూవీ ఎస్టర్‌డే' అనే వాక్యం మన ఊళ్లో అంతగా వినిపించడానికి ఇదీ ఒక కారణమని నా అనుభవం.

ఇప్పుడు ఇంటర్వ్యూ సంగతి, మీకు అసలు కావలసింది ఇదే. కొన్నేళ్ల కిందట మిర్యాలగూడ నుంచి వచ్చిన ఒక అమ్మాయికి మాక్ ఇంటర్వ్యూ చేశాను. మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో మూడేళ్లుగా పనిచేస్తోంది, మానేస్తానని నోటీసు కూడా ఇవ్వలేదు. సబ్జెక్టులో తిరుగులేదు. అనుభవం గురించి అడిగితే 'ఐ వర్క్‌డ్ దేర్ ఫర్ త్రీ ఇయర్స్' అంది. నేను కావాలనే 'వై డిడ్ యూ లీవ్?' అన్నాను. ఆమె తెల్లబోయింది. మానేశానని తను ఎక్కడ చెప్పిందో ఆమెకు అర్థం కాలేదు. కాసేపు ఆగి, 'సార్, ఇంతకుముందు ఇంటర్వ్యూకి వెళ్లిన రెండు కంపెనీల్లోనూ ఇదే ప్రశ్న అడిగారు, నా రెజ్యూమే సరిగా చదవలేదనుకున్నాను' అంది.

రెజ్యూమేలో ఏ తప్పూ లేదు. 'ఐ వర్క్‌డ్ దేర్ ఫర్ త్రీ ఇయర్స్' అంటే ఆ మూడేళ్లు ముగిశాయి, ఇప్పుడు అక్కడ లేరు అని. 'ఐ హ్యావ్ వర్క్‌డ్ దేర్ ఫర్ త్రీ ఇయర్స్' అంటే మూడేళ్లయింది, ఇప్పటికీ అక్కడే ఉన్నారు అని. 'ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ దేర్' అంటే ఇంకా స్పష్టం. ఆమె 'హ్యావ్' అన్న ఒక్క మాట వదిలేస్తే, ఎదుటివాళ్ల చెవిలో అది ఉద్యోగం లేని మనిషి మాటగా పడింది. ఆ రోజు ఆ ఒక్క వాక్యాన్నే ఇరవై సార్లు పలికించాను. పాత ఉద్యోగం, ఇప్పటి ఉద్యోగం, రెండూ పక్కపక్కన పెట్టి: 'ఐ వర్క్‌డ్ ఇన్ వరంగల్ ఫర్ వన్ ఇయర్. ఐ హ్యావ్ వర్క్‌డ్ ఇన్ హైదరాబాద్ ఫర్ త్రీ ఇయర్స్.' మీరూ ఇలాగే జంటగా పలకండి. విడివిడిగా బట్టీ పట్టినవి హాల్లోకి వెళ్లేసరికి కలగాపులగం అవుతాయి.

దీనికి తోడుగా వచ్చే ఇబ్బంది 'నుంచి'. 'పదేళ్ల నుంచి ఇక్కడే ఉంటున్నాను' అనడం మనకు సహజం, క్రియ వర్తమానంలో ఉంది. దాన్ని ఉన్నదున్నట్టు దించితే 'ఐ యామ్ స్టేయింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్' వస్తుంది. ఒక్క వాక్యంలో రెండు తప్పులు. గతంలో మొదలై ఇప్పటిదాకా సాగుతున్నదానికి ఇంగ్లిష్‌లో హ్యావ్ తప్పనిసరి. రెండోది, మన 'నుంచి' ఒక్కటే అయినా ఇంగ్లిష్‌లో రెండు మాటలు: మొదలైన చోటు చెబితే 'సిన్స్', గడిచిన లెక్క చెబితే 'ఫర్'. 'సిన్స్ 2015', 'ఫర్ టెన్ ఇయర్స్'. మన మెట్రోతో గుర్తుపెట్టుకోండి: 'హైదరాబాద్ మెట్రో ఓపెన్‌డ్ ఇన్ నవంబర్ 2017', 'హైదరాబాద్ హ్యాజ్ హ్యాడ్ ఎ మెట్రో సిన్స్ 2017'. మొదటిది ప్రారంభమైన రోజు గురించి. రెండోది అప్పటి నుంచి ఇవాళ్టిదాకా గీసిన గీత. 'ఇన్ 2017' వీ2ని పిలుస్తుంది, 'సిన్స్ 2017' హ్యావ్‌ను పిలుస్తుంది. సంవత్సరం కనిపించగానే వీ2 అనుకోకుండా, దాని ముందున్న చిన్న మాట చూడాలి.

ఇంకో సంగతి పుస్తకాల్లో మూలన ఉంటుంది కానీ నాకు చాలా ఇష్టం. మనిషి లెక్క ఇంకా తెరిచి ఉందా, మూసేశారా అన్నది. 'సింధు వన్ సిల్వర్ ఇన్ 2016' అంటాం, అది రియోలో ఒక రోజు జరిగిన సంగతి. 'సింధు హ్యాజ్ వన్ టూ ఒలింపిక్ మెడల్స్' అంటాం, ఆ లెక్క ఆమె పేరు మీద ఇంకా నడుస్తోంది. పి.వి. నరసింహారావు గారి గురించి మాత్రం 'హీ లెడ్ ద కంట్రీ ఫ్రమ్ 1991 టు 1996' అనే అంటాం. ఆయన 2004లో కన్నుమూశారు. 'హీ స్పోక్ మెనీ లాంగ్వేజెస్' అనాలి, 'హ్యాజ్ స్పోకెన్' అంటే ఆయన ఇంకా మన మధ్య ఉన్నట్టు ధ్వనిస్తుంది. మీ తాతగారు పోయి ఉంటే, ఆయన చేసిన పనులు చెప్పేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

అనుభవాల గురించి అడిగినప్పుడు సంభాషణ దాదాపు ఎప్పుడూ ఒకే దారిలో నడుస్తుంది. విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్‌లోనూ అంతే, హెచ్ఆర్ రౌండ్‌లోనూ అంతే. తలుపు తీసేది హ్యావ్‌తో, లోపల మాట్లాడేదంతా వీ2తో. 'హ్యావ్ యూ ఎవర్ లెడ్ ఎ టీమ్?' అని అడుగుతారు. 'యెస్, ఐ హ్యావ్' అని మొదలుపెట్టి, వెంటనే దిగిపోవాలి: 'లాస్ట్ ఇయర్ ఐ లెడ్ ఎ టీమ్ ఆఫ్ ఫోర్. వుయ్ టెస్టెడ్ ఎ పేమెంట్ యాప్. వుయ్ ఫినిష్‌డ్ ఇట్ ఇన్ సిక్స్ వీక్స్.' మనవాళ్లు ప్రశ్నలో హ్యావ్ విన్నారు కాబట్టి జవాబంతా హ్యావ్‌తో లాగుతారు: 'ఐ హ్యావ్ లెడ్, వుయ్ హ్యావ్ టెస్టెడ్, వుయ్ హ్యావ్ ఫినిష్‌డ్'. వినేవాళ్లకు కథ ముందుకు కదలదు. ఇంగ్లిష్ పేపర్లో వార్త చదివినా ఈ దారి చాలాసార్లు కనిపిస్తుంది. మొదటి వాక్యంలో పైప్‌లైన్ 'హ్యాజ్ బర్స్ట్' అంటారు, రెండో వాక్యం నుంచి ఎన్ని గంటలకు, ఏ వీధిలో అన్నదంతా వీ2లో నడుస్తుంది.

'బీన్', 'గాన్' తేడా క్లుప్తంగా చెబుతాను. 'హీ హ్యాజ్ గాన్ టు విజయవాడ' అంటే అక్కడే ఉన్నాడు, సీట్లో లేడు. 'హీ హ్యాజ్ బీన్ టు విజయవాడ' అంటే వెళ్లొచ్చాడు. మనకు 'వెళ్లాడు', 'వెళ్లొచ్చాడు' ఉన్నట్టే. క్లయింట్‌కు మెయిల్ పెట్టేటప్పుడు ఇది తారుమారైతే మనిషి దొరుకుతాడా లేదా అన్నదే మారిపోతుంది.

మీరు హైటెక్ సిటీలో అమెరికా క్లయింట్లతో మాట్లాడుతుంటే ఒక అనుమానం వస్తుంది. వాళ్లు 'డిడ్ యూ సెండ్ ఇట్ ఆల్రెడీ?', 'ఐ జస్ట్ ఏట్' అంటుంటారు. అది తప్పు కాదు. 'జస్ట్', 'ఆల్రెడీ', 'యెట్' దగ్గర అమెరికన్లు మాటల్లో వీ2 ధారాళంగా వాడతారు, బ్రిటిష్‌వాళ్లు హ్యావ్ వైపు మొగ్గుతారు. అలాగని 'ఎస్టర్‌డే'తో హ్యావ్‌ను అమెరికాలోనూ ఒప్పుకోరు. కాబట్టి ఆ మూడు మాటల దగ్గర బెంగ పెట్టుకోకండి. ఐఈఎల్‌టీఎస్ రాసేవాళ్లు మాత్రం బ్రిటిష్ పద్ధతినే అలవాటు చేసుకుంటే నిశ్చింత.

హ్యావ్ పక్కన వచ్చే రూపం, అంటే వీ3 ('డన్', 'గాన్' లాంటివి) సంగతి కూడా చెప్పాలి. 'ఫినిష్‌డ్', 'వర్క్‌డ్', 'కంప్లీటెడ్' లాంటివాటికి వీ2, వీ3 ఒకటే. పైగా ఇంగ్లిష్‌వాళ్లు 'ఐ హ్యావ్' అని విడమరచి అనరు, 'ఐవ్' అని మింగేస్తారు. అందుకే సినిమాలు చూసి నేర్చుకునేవాళ్ల చెవికి ఆ చిన్న 'వ్' అందదు, 'ఐ ఫినిష్‌డ్' అనే వినిపిస్తుంది. అసలు లోపం 'గో, సీ, డూ, రైట్, టేక్' దగ్గర బయటపడుతుంది: 'ఐ హ్యావ్ వెంట్', 'ఐ హ్యావ్ సా', 'ఐ హ్యావ్ డిడ్'. నూట యాభై క్రియల పట్టిక గోడకి అంటించుకోనక్కర్లేదు. మీ పనిలో రోజూ వచ్చేవి ఇరవై ఉంటాయి, వాటి వీ3 నోటికి వస్తే చాలు.

సాధనకు నేను చేయించేది ఒకటే. ఇవాళ మీరు తెలుగులో పంపిన వాట్సాప్ మెసేజుల్లోంచి పది తీయండి. 'బస్సు ఎక్కాను', 'కరెంటు బిల్లు కట్టావా', 'అక్క ఫోన్ చేసింది', 'సిలిండర్ ఇంకా రాలేదు' లాంటివే. ఒక్కొక్కటి పంపిన క్షణంలో మీ ఉద్దేశం ఏమిటో గుర్తు తెచ్చుకుని ఇంగ్లిష్‌లో రాయండి. 'అక్క ఫోన్ చేసింది' అని నిన్న రాత్రి సంగతిగా చెప్పారా, లేక 'ఇప్పుడు నువ్వు తిరిగి చెయ్యి' అని చెప్పారా? మొదటిదైతే 'కాల్డ్', రెండోదైతే 'హ్యాజ్ కాల్డ్'. పుస్తకంలోని ఖాళీలు పూరించడం కంటే ఇది మేలు. ఎందుకంటే ఆ ఉద్దేశం మీది, వేరేవాళ్లని అడగక్కర్లేదు.

ఇక మీ నాలుగు వాక్యాలు.

'ఐ హ్యావ్ కంప్లీటెడ్ మై బీటెక్ ఇన్ 2021.' సంవత్సరం చెప్పేశారు, హ్యావ్ తీసేయండి: 'ఐ కంప్లీటెడ్ మై బీటెక్ ఇన్ 2021.' నేను చూసిన రెజ్యూమేల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించిన తప్పు ఇదే. సంవత్సరం చెప్పదలచుకోకపోతే 'ఐ హ్యావ్ కంప్లీటెడ్ మై బీటెక్' ఒప్పే.

'ఐ యామ్ స్టేయింగ్ ఇన్ హైదరాబాద్ సిన్స్ త్రీ ఇయర్స్.' ఇది 'ఐ హ్యావ్ లివ్‌డ్ ఇన్ హైదరాబాద్ ఫర్ త్రీ ఇయర్స్' అవ్వాలి. 'స్టే' అంటే హోటల్లోనో చుట్టాలింట్లోనో నాలుగు రోజులు ఉన్నట్టు, ఇల్లు తీసుకుని ఉంటే 'లివ్' వాడండి.

'ఐ వర్క్‌డ్ యాజ్ ఎ టెస్టర్ ఫర్ టూ ఇయర్స్.' మీరు ఇప్పటికీ అదే పనిలో ఉన్నారని రాశారు కాబట్టి 'ఐ హ్యావ్ వర్క్‌డ్ యాజ్ ఎ టెస్టర్ ఫర్ టూ ఇయర్స్.' మిర్యాలగూడ అమ్మాయి వాక్యమే ఇది. ముందు దీన్ని దిద్దుకోండి, మిగతావి తర్వాతైనా ఫరవాలేదు.

'ఐ డిడంట్ గో టు ఫారిన్ టిల్ నౌ.' మీ తెలుగులో 'ఇప్పటిదాకా' ఉంది చూడండి, అదే దారి చూపిస్తోంది. 'ఐ హ్యావ్ నెవర్ బీన్ అబ్రాడ్' అంటే సరిపోతుంది. ఆన్‌సైట్ గురించి అడిగినప్పుడే ఇది చెప్పండి, వాళ్లు అడగకపోతే సెల్ఫ్ ఇంట్రడక్షన్‌లో దీని అవసరం లేదు.